రాత్రికి ఖానా ఎక్కడ?

ఎండాకాలం సెలవుల్లో సముద్రం చూడ్డానికి వెళ్తున్నామని చెబితే సూర్యలంకా, మైపాడా, వైజాగా అని అడిగారు మా వాళ్లు. మండపేట అన్నాను. ఫోన్లో అవతల కాసేపు ఖామోష్. ఆ తర్వాత నవ్వు.

"మండపేటకి సముద్రం ఎప్పుడొచ్చింది భాయ్?"

నిజమే. మండపేటకు సముద్రం లేదు. అక్కడున్నవి రైసు మిల్లులు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు దాన్ని కోనసీమలో కలిపారు గానీ అసలు కోనసీమ వాళ్లు ఒప్పుకోరు. గౌతమి ఒకపక్కా వసిష్ఠ ఒకపక్కా పారుతుంటే ఆ రెండింటి మధ్యా ఉన్నదే వాళ్లకి కోనసీమ. మండపేట గౌతమికి ఇవతలే ఉండిపోయింది. మేమున్నప్పుడు అదంతా తూర్పు గోదావరి జిల్లా. 1984 నుంచి 87 దాకా మా అబ్బా అక్కడ ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ మీద పని చేశాడు. ధాన్యాన్ని ఉడకబెట్టి ఎండబెట్టి మర పడితే ఉప్పుడు బియ్యం. మనం తినం. కేరళ వాళ్లు తింటారు. అబ్బా చొక్కా ఎప్పుడూ ఊక వాసన, ఆవిరి వాసన.

అబ్బా ఇంతెఖాల్ అయ్యి రెండేళ్లు. ఆ రెండేళ్లూ అమ్మీ ఇల్లు కదల్లేదు. ఇప్పుడు కదులుతానంది, కానీ ఒక షరతు పెట్టింది. "సముద్రం మీరెక్కడైనా చూసుకోండి, రాత్రికి పడుకునేది మాత్రం మండపేటలో." ఎందుకని అడిగితే చెప్పలేదు. మేం అయిదుగురం. అమ్మీ, నేను, బేగం, ఇంటర్ చదివే పెద్దమ్మాయి, ఆరో తరగతి చిన్నోడు. మండపేటలో కారుతో పాటు దొరికిన డ్రైవర్ తమ్ముడితో కలిపి ఆరుగురం.

దోస్తులారా, సఫర్‌లో ఏ ఇంట్లోనైనా కొట్లాట వచ్చేది ఎక్కడికి వెళ్లాలన్న దగ్గర కాదు. రాత్రికి ఖానా ఎక్కడ అన్న దగ్గర. పొద్దున ఇడ్లీతో అయిపోతుంది. మధ్యాహ్నం ఎక్కడుంటే అక్కడ. రాత్రి మాత్రం అందరూ అలిసిపోయి ఉంటారు, అందరికీ ఆకలి, అందరికీ ఒక రాయ్ ఉంటుంది. మా పెద్దమ్మాయికి బిర్యానీ. చిన్నోడికి ఫ్రైడ్ రైస్. బేగంకి శుభ్రంగా ఉంటే చాలు. నాకు కోనసీమ దాకా వచ్చి ఫ్రైడ్ రైస్ ఏమిట్రా అన్న కోపం. అమ్మీకి మాత్రం ఒకటే సవాల్.

"హలాలేనా?"

ఈ మాట నాకు అలీఫ్ బే కంటే ముందే వచ్చు. చిన్నప్పుడు అమ్మీ చెయ్యి పట్టుకుని నడుస్తుంటే హోటల్ కనబడేది. బోర్డు మీద కోడి బొమ్మ. నేను ఆగేవాణ్ణి. "హలాల్ నై బేటా, చలో." ఇంకో హోటల్ వచ్చేది. "హలాల్ నై." రాజమండ్రి బస్టాండులో ఇడ్లీ హోటల్ ముందు ఆగితే అక్కడా అదే మాట. ఇడ్లీలో ఏం కోస్తారని నేనెప్పుడూ అడగలేదు. అమ్మీ చెప్పింది, అల్లా మాట, ఖతం. ఇంటికొచ్చి అన్నంలో పప్పుచారు కలుపుకుని తినేవాళ్లం.

సఫర్‌లో నమాజే సగమవుతుంది. జొహర్, అసర్, ఇషా నాలుగు రకాతుల ఫర్జ్‌లు ముసాఫిర్‌కి రెండే. అల్లా అంత రియాయత్ ఇచ్చాడు గానీ మా అమ్మీ షరతులు మాత్రం పైసా తగ్గలేదు.

మొదటి రోజు సాయంత్రం మండపేటలో దిగాం. లాడ్జిలో సామాన్లు పెట్టి పక్కనే ఉన్న తాపేశ్వరం వెళ్లి మడత కాజా తిన్నాం. పైన కరకర, మడతల్లో పాకం. అమ్మీ రెండు తింది, షుగర్ మాత్ర గుర్తు చేస్తే వినబడనట్టు ఊరుకుంది. రాత్రి ఎనిమిదయ్యింది. ఖానా వేటలో పడ్డాం.

ఊరి పేరూ హోటల్ పేరూ రాయను. ఏసీ హోటల్, ఫ్యామిలీ సెక్షన్, బల్లల మీద గాజు పలకలు. పిల్లలు కుర్చీలు లాక్కుని కూచున్నారు. నేను కౌంటర్ దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి అడిగాను. "అన్నా, చికెన్ హలాలేనా?"

ఆయన నా వైపు చూడలేదు. నా వెనక బుర్ఖాలో ఉన్న అమ్మీని చూశాడు. అప్పుడు హాలంతా వినబడేలా అన్నాడు. "ఇక్కడ అలాంటివి ఉండవు. అందరూ తినేదే ఉంటది. కావాలంటే కూచోండి, లేపోతే లేదు."

పక్క టేబుళ్ల మీద తలలు లేచాయి. అంతే జరిగింది. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. కాదు అనే మాట ఎవరైనా చెప్పొచ్చు, అది ఆయన హక్కు. కానీ ఆ 'అందరూ' అన్న మాటలో మేం ఆరుగురం లేం. పిల్లల్ని లేపాను. చిన్నోడు అప్పటికే గ్లాసులో నీళ్లు పోసుకున్నాడు. తాగకుండానే లేచాడు.

ఒకప్పుడు ఈ మాట ఎంత తేలిగ్గా అడిగేవాణ్ణి! కారం ఎక్కువా అని అడిగినట్టు, పెరుగు పుల్లగా ఉందా అని అడిగినట్టు. హలాల్ అంటే ఏముంది? పదునైన కత్తి, అల్లా పేరు, రక్తం పూర్తిగా కారిపోవడం. కొందరికి చెప్పేంత విషయం, మిగతావాళ్లకి పట్టించుకోనక్కర్లేని విషయం. అలాంటిది 2022 ఉగాదికి ముందు కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని ప్రచారం నడిచింది. 2023 నవంబర్లో ఉత్తరప్రదేశ్ సర్కారు హలాల్ సర్టిఫికెట్ ఉన్న సరుకుల అమ్మకాన్నే నిషేధించింది. ఎక్కడో జరిగినవే. కానీ పేపర్లో చదివిన మాట గొంతులో కూచుంటుంది. హోటల్ కౌంటర్ ముందు నిలబడినప్పుడు అది అడ్డం పడుతుంది.

ఆ రాత్రి లాడ్జిలో బ్రెడ్డు, అరటిపళ్లు, మిగిలిన కాజాలు. పెద్దమ్మాయి తినలేదు. "అడక్కుండా తినేస్తే ఏమయ్యేది అబ్బూ? అడిగి ఇజ్జత్ పోగొట్టుకోవడం దేనికి?" అంది. నా దగ్గర జవాబ్ లేదు. అమ్మీ తస్బీ తిప్పుతూ కిటికీ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున అమ్మీ పాత వీధి చూడాలంది. వీధి దొరికింది, ఇల్లు దొరకలేదు. మా పెంకుటిల్లు ఉన్నచోట అపార్ట్‌మెంట్. ఎదురిల్లూ లేదు. అమ్మీ చెప్పులు విడిచి గేటు ముందు నిలబడి లెక్కపెట్టింది. ఇక్కడ బోరింగు. ఇక్కడ జామచెట్టు. ఇక్కడ అత్తయ్యగారి అరుగు.

అత్తయ్యగారంటే ఎదురింటావిడ. మా అబ్బాని అన్నయ్యగారూ అనేది, అమ్మీని వదినగారూ అనేది, కాబట్టి మాకు అత్తయ్యగారు. ఆదివారం పొద్దున్నే ఆవిడ కోడిని చంకలో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేది. "అన్నయ్యగారూ, కాస్త బిస్మిల్లా అనేసి ఇయ్యండి." అబ్బా వజూ చేసుకుని, కోడికి నీళ్లు తాగించి, పెరట్లోకి తీసుకెళ్లేవాడు. మధ్యాహ్నానికి మూత పెట్టిన గిన్నెలో కూర మా ఇంటికొచ్చేది. కొబ్బరి, గసగసాలు వేసిన కూర. ఇప్పుడు తల్చుకున్నా నోట్లో నీళ్లు.

వాళ్లింట్లో కోడి కొయ్యడం రానివాళ్లెవరూ లేరు. బజార్లో కోసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అయినా ఎందుకు తెచ్చేదంటే, మా వదినగారు తినాలి కదా అనేది. అంతే ఆవిడ ఫత్వా. అమ్మీ ఆ గిన్నెని ఎప్పుడూ ఖాళీగా పంపలేదు. సేమ్యానో, బెల్లం ముక్కో, ఏమీ లేకపోతే నాలుగు జామకాయలో. 'హలాలేనా' అని మా అమ్మీ ఒక్కసారి కూడా అడగని వంటిల్లు దునియాలో అదొక్కటే.

ఇదంతా పిల్లలకి చెప్పాను. పెద్దమ్మాయి విని, "వాళ్లిప్పుడెక్కడున్నారు?" అంది. వాచ్‌మన్‌ని అడిగాం. అతను వచ్చి రెండేళ్లేనట. తెలీదన్నాడు. అమ్మీ చెప్పులు వేసుకుంది. కారెక్కాం.

జొన్నాడ దగ్గర గౌతమి దాటి, రావులపాలెం అరటిగెలల సంత మీదుగా, కొత్తపేట, అమలాపురం, అక్కణ్ణించి అల్లవరం, ఓడలరేవు. దారి పొడుగునా డ్రైవర్ తమ్ముడు మాకు తిండి పాఠం చెప్పాడు. అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు. ఆత్రేయపురంలో పూతరేకులు. ఎండాకాలం చింతచిగురు రొయ్యలు. "పులస తిందామంటే మీరు టైము తప్పొచ్చారండి. వరద నీరు ఎర్రగా దిగాలి. జులై, ఆగస్టుల్లో. సముద్రంలో ఉన్నప్పుడు అది విలసండి, గోదాట్లోకి ఎదురీదితేనే పులస. పుస్తెలమ్మైనా తినాలంటారు, ఆయ్."

అమ్మీ వెనక సీట్లోంచి, "మాకు పుస్తెలుండవు, లచ్ఛా ఉంటుంది. అది కూడా తీసి పెట్టేశాను" అంది. డ్రైవర్ తమ్ముడికి అర్థం కాలేదు. మాకు అర్థమై ఎవరం మాట్లాడలేదు.

"పోనీ రొయ్యల ఇగురు? పీతలు?" అన్నాడతను.

ఇక్కడ మీకు మా ఇంటి ఇఖ్తెలాఫ్ చెప్పాలి. చేపకి జబహ్ అక్కర్లేదు. ఎవరు పట్టినా, ఎవరు అమ్మినా, ఎవరు వండినా చేప హలాలే. ఖురాన్‌లో అయిదో సూరా పేరు అల్ మాయిదా, అంటే ఖానా పరిచిన దస్తర్‌ఖాన్. హజ్ కోసం ఎహ్రామ్ కట్టినవాళ్లకి నేల మీద వేట హరామ్ అయినా సముద్రపు వేట జాయిజ్ అని చెప్పే ఆయత్ ఆ సూరాలోనే ఉంది. అందులో ముసాఫిర్ల ప్రస్తావన కూడా ఉంది. అయితే మనం హనఫీలం. హనఫీ మస్లక్‌లో నీళ్లలో చేప ఒక్కటే హలాల్, పీత కాదు. మరి రొయ్య చేపేనా కాదా? దీని మీద ఆలిములే రెండుగా ఉన్నారు. కేరళలో మాప్పిళ్లలకీ, ఇండోనేషియా వాళ్లకీ ఈ ఫిక్ర్ లేదు. వాళ్లు షాఫయీలు, సముద్రంలో దాదాపు ఏదైనా తింటారు. మా ఇంట్లో మా నానా రొయ్య ముట్టలేదు. అబ్బా కిలో తెచ్చేవాడు. అమ్మీ వండేది, ఉప్పు చూసేది, తినేది కాదు. ఉప్పు చూడ్డం తినడం కాదా అని అబ్బా మజాక్ చేసేవాడు.

అందుకని మా ఇంట్లో బయట ఖానా అంటే రెండే రాస్తాలు. వెజ్ లేదా చేప. సముద్రం ఒడ్డుకి పోతున్నాం కాబట్టి ఈ రాత్రికి చేపే. నిన్నటి గొడవ ఉండదు. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. నాకది ఎంత హాయిగా అనిపించిందో అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఓడలరేవులో దిగేసరికి నాలుగున్నర. గాలి ఉప్పగా, వేడిగా. అమ్మీ బుర్ఖా అంచు చేత్తో పట్టుకుని చీలమండల దాకా నీళ్లలో నిలబడింది. అల వెనక్కి పోతుంటే కాళ్ల కింద ఇసుక జారుతుంది కదా, చిన్నపిల్లలా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఖీంచ్‌తా హై" అంది. లాగుతోంది అని. వంగి నీళ్లు దోసిట్లోకి తీసుకుని నాలిక మీద పెట్టుకుంది. ఎందుకమ్మీ అంటే, "ఉప్పు చూశా" అంది.

మాది తూర్పు సముద్రం కదా, పొద్దు నీళ్లలోకి దిగదు, వెనక కొబ్బరిచెట్లలోకి పోతుంది. మగ్రిబ్‌కి చాదర్ పరిచాం. ఖిబ్లా పడమర. సముద్రానికి వీపు పెట్టి, కొబ్బరిచెట్లకి ఎదురుగా నిలబడ్డాం. మగ్రిబ్‌కి మాత్రం సఫర్‌లో తగ్గింపు లేదు, మూడు మూడే. సజ్దాలో ఉంటే అల చప్పుడు వెనక నుంచి వచ్చి చెవుల్లో పడింది.

ఒడ్డుకి ఇవతల తాటాకు పాక. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, కట్టెల పొయ్యి. ఒకావిడ దాకలో పులుసు దింపి మూత పెడుతోంది. చింతపండు, మెంతులు కలిసిన వాసన.

అమ్మీ నన్ను దాటి ముందుకెళ్లింది. "ఏం చేపమ్మా?"

"బొచ్చెండి."

"సముద్రందేనా?"

ఆవిడ నవ్వింది. "అబద్ధం చెప్పనండి. చెరువుదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట లేదు కదండి. అరవై ఒక్క రోజులు. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, చూడండి. చేప గుడ్లు పెట్టే కాలం. సముద్రానికీ ఎండాకాలం సెలవులేనండి, ఆయ్."

ఇది నాకు తెలిసిన సంగతే. తెలిసీ మర్చిపోయాను. ఇంత దూరం వచ్చి, సముద్రం ముందర కూచుని, చెరువు చేప! మోటారు లేని తెప్పలకి మనాహీ లేదు గానీ ఆ వేళకి ఆ నాలుగు చేపలూ ఎప్పుడో అమ్ముడైపోయాయిట. పెద్ద హోటల్లో అయితే అడిగినా సముద్రందే అనేవారేమో. ఈవిడ అడగ్గానే చెప్పింది. అమ్మీ నా వైపు తిరిగి, "సచ్ బోలీ" అంది. నిజం చెప్పింది. ఆ మాట చాలా గట్టి సర్టిఫికెట్ మా అమ్మీ దగ్గర.

బేగం ఇంకో సవాల్ వేసింది. "ఈ దాకలో చికెన్ కూడా వండుతారా?"

"కోడి మా దగ్గరుండదమ్మా. చేప ఒక్కటే."

అంతా కుదిరింది. కూచోబోతే ఆవిడే ఆపింది. "అన్నం అయిపోయిందండి. చీకటి పడితే కట్టేస్తాను, కరెంటు లేదిక్కడ. పులుసు కావాలంటే కట్టిస్తా."

ఇద్దరు హోటల్ వాళ్లు, రెండు రాత్రులు, రెండు సార్లూ కుర్చీలోంచి లేవడం. చిన్నోడి మొహం వాడిపోయింది. అప్పుడు అమ్మీ కారు దగ్గరికి వెళ్లి సంచీలోంచి స్టీలు క్యారేజీ తీసుకొచ్చింది. మూడు గిన్నెలది. హైదరాబాద్ నుంచి తెచ్చింది. నేను బయల్దేరేటప్పుడు ఇదెందుకు అమ్మీ అని విసుక్కున్న క్యారేజీ. ఆవిడ గిన్నె నిండా పులుసు పోసి, ముక్కలు లెక్కపెట్టి పన్నెండు వేసి, పైన ఇంకోటి వేసింది. "గిన్నె పట్టుకొచ్చేవాళ్లు ఇప్పుడెవరున్నారండి" అంటూ.

మండపేట చేరేసరికి పదయ్యింది. డ్రైవర్ తమ్ముడు మెస్‌లో వేడన్నం కట్టించుకొచ్చాడు. తను ఇంటికెళ్తానంటే అమ్మీ కూచోబెట్టింది. లాడ్జి గదిలో కింద దుపట్టా పరిచి, దాని మీద పేపర్లు పరిచి, అదే దస్తర్‌ఖాన్. చేపల పులుసు నిలవుంటే రుచి పెరుగుతుందంటారు. అన్ని గంటలు క్యారేజీలో ఊగి ఊగి ముక్కకి పులుపు బాగా పట్టింది. చెరువు చేపే. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ముల్లు తీసుకుంటూ పెద్దమ్మాయి అడిగింది. "దాదీ, మీరసలు ఎప్పుడైనా హోటల్లో తిన్నారా?"

"ఒకసారి" అంది అమ్మీ.

నేను తలెత్తాను. నాకు తెలిసి ఎప్పుడూ లేదు.

"మీ అబ్బూ చిన్నోడు. వాణ్ణి ఎదురింటి వదినగారి దగ్గర వదిలి, మీ దాదా నన్ను మిల్లు లారీలో కాకినాడ తీసుకెళ్లారు. సముద్రం చూపించారు. ఆకలేసింది. హోటల్‌కి వెళ్లాం. చేప భోజనం. ఒక్క ప్లేటే చెప్పారు. మీకేదీ అంటే, నేను రోజా ఉన్నాను అన్నారు." అమ్మీ నవ్వింది. "రంజాన్ కాదు. నఫిల్ రోజాట. అని రెండు నిమిషాలకే మర్చిపోయి గ్లాసెడు నీళ్లు తాగారు."

చిన్నోడు పకపకా నవ్వాడు. మేమూ నవ్వాం.

"జేబులో ఒక ప్లేటుకే ఉన్నాయి. ఆ లుఖ్మా నాకు గొంతు దిగలేదు. సగం తిని, కడుపు నిండింది మీరు తినండి అన్నా. తిన్నారు. బయటికొచ్చాక అన్నారు, ఇంకోసారి వచ్చి చెరో ప్లేటు తిందాం అని. తర్వాత వాళ్ల చెల్లెలి పెళ్లి వచ్చింది. నా ఆపరేషన్ వచ్చింది. మండపేట వదిలేశాం. ఎప్పుడూ ఏదో ఒకటి వచ్చింది."

నేను అడిగాను. "మరి హోటల్ కనపడితే హలాల్ కాదనేదానివి?"

"పైసల్లేవంటే పిల్లలు ఏడుస్తారు. మీ అబ్బా విని సిగ్గుపడతారు. హలాల్ కాదంటే ఎవరూ మాట్లాడరు." అన్నం కలుపుతూ ఆగింది. "హలాల్ హలాలే. అందులో ఫరక్ లేదు. ఇవాళ్టికీ జబహ్ లేనిది నేను ముట్టను. కానీ ఆ ఇడ్లీ హోటల్ ముందు చెప్పింది మాత్రం అల్లా మీద పెట్టి ఆడిన అబద్ధం. దానికి ఎన్నిసార్లు తౌబా చేశానో."

పెద్దమ్మాయి నా వైపు చూసింది. దాని కళ్లలో కోపం లేదు. నేను చెయ్యి కడుక్కునే నెపంతో లేచాను.

నలభై ఏళ్లుగా నేను ఆ మాటని మోసుకు తిరిగాను. హాస్టల్లో ఆకలితో పడుకున్నాను. దోస్తుల పెళ్లిళ్లలో పెరుగన్నం తిని వచ్చాను. మొన్న రాత్రి ఆ కౌంటర్ ముందు తల దించుకున్నాను. అదంతా వృథా అనడం లేదు. నా నియ్యత్ నాది, నా రోజూ తిండి నాది. రేపు కూడా అడుగుతాను. కానీ ఆ మాట కింద మా అబ్బా ఖాళీ జేబు ఉందని, మా అమ్మీ ఆయన ఇజ్జత్ కాపాడ్డానికి దాన్ని దుపట్టాలా కప్పిందని నాకు ఇన్నేళ్లూ తెలీదు. మండపేటలోనే పడుకోవాలని ఎందుకు పట్టుబట్టిందో కూడా అప్పుడే తెలిసింది. ఆ సఫర్ మొదలైంది అక్కణ్ణించి. మళ్లీ అక్కణ్ణించే బయల్దేరాలనుకుంది.

మూడో రోజు పొద్దున చాయ్ తాగుతూ అమ్మీ అంది. "ఈ రాత్రికి ఖానా నేను చెప్తా. కాకినాడ."

రామచంద్రపురం మీదుగా వెళ్లాం. దారిలో ద్రాక్షారామం. భీమేశ్వరాలయం ఉన్న ఆ ఊళ్లోనే దర్గా కూడా ఉంది. అబ్బా పేరు మీద ఫాతెహా చదివి బయల్దేరాం. కాకినాడలో సాయంత్రం సముద్రం చూశాం. ఆ పాత హోటల్ కోసం అమ్మీ రెండు వీధులు తిప్పించింది. దొరకలేదు. మూడో వీధిలో, "ఇక్కడ చాలు" అని ఒక మామూలు భోజనం హోటల్ ముందు కారాపింది. ఏసీ లేదు. గోడ మీద బోర్డు, చేప భోజనం.

లోపలికి నడిచి తనే కూచుంది. సర్వర్ కుర్రాడు వచ్చాడు. నాకు అలవాటుగా గొంతు సవరించుకోవడం వచ్చింది. అమ్మీ నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఆరు ప్లేట్లు బాబూ. చేప భోజనం."

"నలుగురికి చెప్పి షేర్ చేసుకోండమ్మా, ఎక్కువే ఉంటది" అన్నాడు కుర్రాడు, మంచికే.

"నక్కో. ఎవరి ప్లేటు వాళ్లకే."

ఆరు ప్లేట్లు వచ్చాయి. డ్రైవర్ తమ్ముడికీ ఒకటి. అమ్మీ బిస్మిల్లా అని చెయ్యి పెట్టబోయి ఆగి, కుర్రాణ్ణి పిలిచింది. "చెరువుదేనా?"

"చెరువుదేనండి. వేట లేదు కదండి."

తలూపింది. తినడం మొదలుపెట్టింది. తొందర లేకుండా, ముల్లు ముల్లూ తీసి ప్లేటు అంచున వరసగా పెడుతూ, మొత్తం తింది. సగంలో ఆపలేదు. కడుపు నిండిందని ఎవరికీ ఇవ్వలేదు. చిన్నోడు మాత్రం ఫ్రైడ్ రైస్ మీద మనసుండి సగం వదిలేశాడు. అమ్మీ వాడి ప్లేటు తన ముందుకి లాక్కుని అదీ ఖతం చేసింది. బిల్లు వచ్చింది. నేను జేబులో చెయ్యి పెట్టేలోపే బటువా తాడు విప్పింది.